ఆఖరి నీళ్ళు

అశోక్ చౌక్ వెనక సందుల్లో డాబా ఎక్కేవాళ్ళకు ఏదో ఒక పని ఉంటుంది. నూలు ఆరేసుకోవడానికి ఎక్కుతారు, అప్పడాలు ఎండబెట్టుకోవడానికి ఎక్కుతారు, కింద సాంచెల, అదే మరమగ్గాల, రొద పడలేక కాసేపు చెవులకు తెరిపి ఇవ్వడానికీ ఎక్కుతారు. ఎండ కావాలని అడిగి ఎక్కిన మనిషి మాత్రం కావ్య ఒక్కతే.

"కాకా, మీ డాబా మీద పది నుంచి మూడు దాకా నీడ పడదంట గద. ఆ ఎండ నాకు కావాలె," అంది మొదటి రోజు, గడప అవతలే నిలబడి. అంబాదాస్ తలుపు రెండో రెక్క కూడా తీశాడు. ఆ ఇంటికి వచ్చి ఏదైనా కావాలని అడిగినవాళ్ళు రెండేళ్ళుగా లేరు. భార్య చంద్రభాగ పోయిన కొత్తలో వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి ఇచ్చి పోయేవాళ్ళే: కూరగిన్నె, ధైర్యం, దేవుడి ప్రసాదం. అడగడానికి వచ్చిన ఈ పిల్లను చూసి ఆయన ప్రాణం ఎందుకో కొంచెం తేలికపడింది.

అరవై ఒక్కటేళ్ళు ఆయనకు. వెనకటి రోజుల్లో రసాయనశాస్త్రంలో బీయస్సీ చదివి, తువ్వాళ్ళకు రంగులేసే కార్ఖానాలో మాస్టరుగా చేరి, అక్కడే ముప్పై రెండేళ్ళు గడిపాడు. రెండో షిఫ్టు ఎత్తేసినప్పటి నుంచి పొద్దున ఆరింటికి వెళ్ళి, ఆ రోజు రంగులు కలిపి ఇచ్చి, తొమ్మిదిన్నరకల్లా ఇల్లు చేరుతున్నాడు. ఆ తర్వాత రోజంతా ఖాళీ. పిల్లలు లేరు. కింది అంతస్తులో సాంచెలు నడిపే సాయిలు మధ్యాహ్నం ఒంటిగంటకు రొట్టె తినడానికి వాటిని ఆపుతాడు. ఆ అరగంటలోనే అంబాదాస్ కూడా తింటాడు. ఆ నిశ్శబ్దాన్ని ఎవరో తనకోసం విస్తట్లో వడ్డించినట్టు ఉంటుంది.

కావ్యది విడీ ఘర్కుల్, బీడీ కార్మికుల కాలనీ. తల్లి లలిత బీడీలు చుట్టి చదివించింది. ఇప్పుడు యూనివర్సిటీలో పీహెచ్‌డీ. రంగు కార్ఖానాల నుంచి వచ్చే మురికి నీళ్ళను వెలుతురుతో శుభ్రం చేసే పదార్థం తయారుచేయడం ఆమె పని. దుకాణంలో కొన్న రంగును నీళ్ళలో కలిపి చూపిస్తే గైడ్ సార్‌కు నచ్చలేదట. నిజం కార్ఖానా నీళ్ళు కావాలన్నాడట. నాలుగు కార్ఖానాలు తిరిగింది. ప్రతిచోటా ఆమెను కాలుష్యం బోర్డువాళ్ళు పంపిన మనిషనుకుని, మర్యాదగా చాయ్ ఇచ్చి గేటు దాకా సాగనంపారు. ఐదోచోట అంబాదాస్ కనిపించాడు. ఆయన చాయ్ ఇవ్వలేదు కానీ డబ్బా నిండా నీలం నీళ్ళు ఇచ్చాడు.

వారానికి మూడు రోజులు వచ్చేది. వెడల్పు గాజు పళ్ళేల్లో పలచని నీలం నీళ్ళు పోసి, అందులో తన గుడ్డముక్కలు ముంచి ఎండలో పెట్టేది. అరగంటకోసారి కొన్ని చుక్కలు తీసి, సంచిలోంచి రంగు కొలిచే చిన్న పెట్టె బయటికి తీసి, అంకె రాసుకునేది. ఆ గుడ్డలకు ఒక పొడి పూసి ఉండేది. దాని సంగతి ఆయన అడిగితే, పిట్టగోడ మీద కూర్చుని చెప్పుకొచ్చింది.

తెల్లపొడి ఒకటి ఉంది, టైటానియం డయాక్సైడ్. వెలుతురు తగిలితే రంగును ముక్కలు చేసే గుణం దానిది. అయితే కంటికి కనిపించే వెలుతురుకు అది మేలుకోదు. అతినీలలోహిత కిరణాలే కావాలి. అవి ఎండలో నూటికి నాలుగైదు పాళ్ళకు మించవు. పొలాలకు చల్లే యూరియానే మూతపెట్టిన మూసలో బాగా కాలిస్తే పసుపు పొడి ఒకటి వస్తుంది, కార్బన్ నైట్రైడ్. అది మామూలు వెలుతురును పట్టుకుంటుంది. వెలుతురు తగలగానే అందులో ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, అది లేచిన చోట ఖాళీ మిగులుతుంది. చిక్కేమిటంటే, పైకి లేచింది ఏ పనీ చేయకముందే తిరిగి వచ్చి తన ఖాళీలో పడిపోతుంది. అందుకని పసుపు పొడినీ తెల్ల పొడినీ, వెంట్రుక మందంలో వెయ్యోవంతు సన్నగా, ఒకదాన్నొకటి తాకేలా కలపాలి. అప్పుడు లేచిన ఎలక్ట్రాన్ తెల్ల పొడిలోకి జారుతుంది, ఖాళీ పసుపు పొడిలోనే ఉండిపోతుంది. ఏ పాళ్ళలో కలపాలి, ఎంత వేడిలో కాల్చాలి అన్నదే ఆమె మూడేళ్ళ చదువు.

"అంటే ఇద్దర్ని ఎడం జేస్తేనే పని అయితదన్నట్టు," అన్నాడు అంబాదాస్.

"అవ్ కాకా. ఎంత సేపు ఎడం ఉంటే అంత పని."

ఆయన లేచి, గాలికి లేస్తున్న ఆమె కాగితాల మీద ఒక రాయి పెట్టాడు.

నవంబరు అంతా ముప్పై, ముప్పై ఐదు దాటలేదు. మూడు గంటల ఎండకు నూటికి ముప్పై ఐదు పాళ్ళ రంగు పోతే, మిగతా అరవై ఐదు పాళ్ళు పళ్ళెంలో నీలంగా ఆమెను చూస్తూ ఉండేవి. దానికితోడు గుడ్డ మీది పొడి నీళ్ళలోకి రాలుతుండేది. తువ్వాలు గుడ్డ మీద పూస్తే పైకి లేచిన నూలు లూపుల మధ్య పట్టి ఉంటుందని ఆయనే సలహా ఇచ్చాడు, ముక్కలు కత్తిరించి ఇచ్చాడు. డిసెంబరులో ఒకరోజు ఆమెకు క్లాసు ఉండి, కొత్తగా పూసిన ముక్కల్ని అక్కడే వదిలి, ఒకసారి నీళ్ళలో జాడించి ఆరేయమని చెప్పి పోయింది. ఆయన జాడించి ఆరేశాడు. అప్పటి నుంచి జాడించే పని ఆయనదే అయింది.

ఆ ముక్కలు పెట్టిన మొదటి రోజే నీళ్ళు తేటపడ్డాయి. తొంభై నాలుగు. కావ్య పెట్టెను రెండుసార్లు తట్టి చూసింది. మూడోసారి కొలిచి, పళ్ళేన్ని రెండు చేతులా పైకెత్తి, అందులోంచి ఆకాశాన్ని చూసింది. పొడి కూడా రాలలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా తొంభై పైనే. ఫిబ్రవరి రెండో సోమవారం యూనివర్సిటీలో సెమినారు, అదయ్యాక థీసిస్ ఇచ్చేయడమే అంది. థీసిస్ మొదట్లో కృతజ్ఞతలు చెప్పే పేజీలో ఆయన పేరు ఉంటుందని కూడా అంది. గైడ్ సార్ పేరు తర్వాత, అమ్మ పేరు ముందు.

సెమినారుకు ముందు శనివారం ఆమె పొద్దున్నే వచ్చి, రెండు ముక్కలతో ఆఖరిసారి కొలుచుకుని, పదకొండున్నరకే వెళ్ళిపోయింది. వాడిన ముక్కల్ని ఆరేద్దామని అంబాదాస్ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. తువ్వాలు చేతికొస్తే ఆయన బొటనవేలు ఊరుకోదు. లూపుల్ని పాయతీసి మొదళ్ళలోకి చూస్తుంది. రంగు లోపలిదాకా దిగిందా, పైపైనే ఆగిందా అని చూసే అలవాటు అది.

పై లూపులు పసుపుగా ఉన్నాయి. కొంచెం పచ్చ ఛాయ. తడి వల్ల అని కావ్య అంటుండేది. పాయతీస్తే మొదళ్ళలో నీలం ఉంది. చిక్కగా, సమంగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. ముప్పై రెండేళ్ళలో ఆయన చేతి కింద తయారైన మంచి సరుకంతా అలాగే ఉండేది.

ఆయన ఆ ముక్కను కిందికి తెచ్చి, గిన్నెలో నీళ్ళు పోసి, సోడా, కాస్త సబ్బు వేసి పొయ్యి మీద పెట్టాడు. వెలుతురు రంగును విరగ్గొట్టి ఉంటే గుడ్డలోంచి దిగడానికి ఏమీ ఉండకూడదు. నీళ్ళు మరిగిన కాసేపటికి నీలం దిగింది.

ఉత్త తువ్వాలు గుడ్డకు ఇంత రంగు పట్టదు. నవంబరులో పట్టలేదు. మరి ఇప్పుడెందుకు పట్టిందని ఆయన గిన్నె ముందు నిలబడి ఆలోచించాడు. ఆలోచిస్తూనే చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళితే, బకెట్ పక్కన తెల్ల డబ్బా కనిపించింది. ఫిక్సర్. కార్ఖానాలో రంగేసిన గుడ్డకు ఆఖరి నీళ్ళలో ఒక మూతెడు పోస్తారు. రంగు గుడ్డను వదలకుండా పట్టుకుంటుంది. అదే గుడ్డకు ముందే పడితే, నీళ్ళలో ఉన్న రంగును కూడా గుడ్డలోకి లాగేస్తుంది. ఇంట్లో తన పంచెలకూ చంద్రభాగ చీరలకూ పోయడానికి ఆ డబ్బా ఎప్పుడూ అక్కడే ఉండేది. ఇప్పుడది సగం పైగా ఖాళీ అయి ఉంది. చీరలు జాడించి రెండేళ్ళయింది. అయినా డబ్బా ఖాళీ అయింది.

ఎన్నిసార్లు పోశాడో ఆయనకు గుర్తులేదు. ఒక్కసారి కూడా గుర్తులేదు. గుడ్డను ఆఖరి నీళ్ళలో ముంచేముందు ఆ మూత విప్పడం ఆయన చేతులకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. పూసిన పొడి రాలకపోవడానికీ అదే కారణమేమో. రంగు నీళ్ళలోంచి మాయం కావడానికి మాత్రం అదే కారణం. పోయిన రంగులో వెలుతురు విరగ్గొట్టింది ఎంత, గుడ్డ మింగింది ఎంత, ఎవరికీ తెలియదు.

కింద సాంచెలు ఆగాయి. ఒంటిగంట. ఆయన రొట్టె ముందు కూర్చున్నాడు. పరీక్షకులు నీళ్ళను చూస్తారు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. లూపుల మొదళ్ళు పాయతీసి చూడాలని వాళ్ళలో ఎవరికి తోస్తుంది? ముక్కల్ని చెత్తలో పడేస్తే సరిపోతుంది. ఆ పిల్ల డాక్టరవుతుంది, పెడాల మిఠాయి పట్టుకుని ఈ మెట్లెక్కుతుంది, ప్రతి పండక్కీ ఎక్కుతుంది. చెబితే, మూడునెలల పని బూడిదలో పోసిన మనిషి ఇంటికి మళ్ళీ ఎందుకు వస్తుంది? మంగళ, గురు, శనివారాలు తక్కిన నాలుగు రోజుల్లాగే అయిపోతాయి. ఆ నాలుగు రోజులు ఎలా ఉంటాయో ఆయనకు బాగా తెలుసు.

సాంచెలు మళ్ళీ మొదలయ్యాయి. ఆయన పళ్ళెం మీద మూతపెట్టి, చొక్కా మార్చుకుని, డాబా మీది రెండో గుడ్డముక్కను ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని బయల్దేరాడు.

విడీ ఘర్కుల్ పోయే ఆటోలో ఒకావిడ ఒళ్ళో బీడీ ఆకుల మూట పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన మొహం చూసి ఏమనుకుందో, అడక్కుండానే మూటను కాళ్ళ దగ్గరికి దించి, సగం సీటు ఇచ్చింది. దారి పొడుగునా ఆయన ఆ సంగతే తలుచుకున్నాడు. వేరే సంగతి తలుచుకునే ధైర్యం లేకపోయింది.

లలిత గుమ్మంలోనే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆయన్ని చూసి సంబరపడింది. కుర్చీ వేసింది, చాయ్ పెట్టింది, సోమవారం సెమినారుకు కూతురు కట్టుకోబోయే చీర చూపించింది. తను ఇరవై ఏళ్ళు చుట్టిన బీడీలన్నీ ఒక ఎత్తు, ఈ సోమవారం ఒక ఎత్తు అంది. లోపల కావ్య గోడకు ఎదురుగా నిలబడి చెప్పాల్సింది వల్లె వేసుకుంటోంది. చాయ్ చల్లారిపోయేదాకా అంబాదాస్ కప్పును అలా పట్టుకునే ఉన్నాడు. అప్పుడు కావ్య బయటికి వచ్చింది.

"రంగు పోలే బిడ్డా," అన్నాడు. "పట్టింది."

"ఏంది కాకా?"

ఆయన సంచిలోంచి ముక్క తీసి, బొటనవేలితో పాయతీసి చూపించాడు. "ఇది ఉడకబెట్టనిది. దీని జతది నేను ఉడకబెట్టి చూసిన. నీలం దిగింది. ఆఖరి నీళ్ళల్ల నేను ఫిక్సర్ ఏసిన. డిసెంబర్ల నువ్వు జాడించుమన్నప్పటి సంది, ప్రతిసారి."

"ఎందుకు ఏసిన్రు?"

"పొడి రాలొద్దని ఏసిన అంటే అబద్ధం అయితది. ఏసిన్నని నాకే ఎరుక లేదు. చెయ్యి ఏసింది."

లలితకు ఏమీ అర్థం కాలేదు. అయినా ఆమె వేళ్ళు చుట్టడం మానాయి. కావ్య ముక్కను తీసుకుని వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. ఒక్కసారి నవ్వు లాంటిది వచ్చి పోయింది.

"నవంబర్ల చీకట్ల పెట్టి చూసిన కాకా. ఎండ లేకుండ గుడ్డకు ఎంత పడ్తదని. ఆరు పర్సెంట్ దాటలే. మళ్ళ చూడాల్సి ఉండె. తొంభై నాలుగు వచ్చినంక ఎవరు చూస్తరు?"

ఆయన ఏదో అనబోయాడు.

"కాయ్ నాయ్, ఏం లేదు. మీరు పోండ్రి కాకా. నాకు జర ఒక్కదాన్నే ఉండాలెననిపిస్తుంది."

సోమవారం గడిచింది. మంగళవారం పది గంటలకు ఆయన డాబా ఊడ్చి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. సాయిలు మెట్ల మీద ఎదురై, "ఏం మాస్టర్, ఎండ తాగే పోరి రాలే ఇయ్యాల?" అని ఎగతాళి చేశాడు. పనుందట అని చెప్పి అంబాదాస్ లోపలికి వచ్చాడు. ఒంటిగంటకు సాంచెలు ఆగినప్పుడు ఆ నిశ్శబ్దం ఆయనకు మొదటిసారి బరువుగా తోచింది. సాయిలు ఇంకో అరగంట నడిపితే బాగుండుననిపించింది.

గురువారం మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. కావ్య చేతిలో కొత్తగా పూసిన ముక్కలు ఉన్నాయి. సెమినారు రెండునెలలు వాయిదా పడిందని, గైడ్ సార్ గంటసేపు తిట్టాడని, ఆఖర్న చీకటి పరీక్ష అడగనందుకు తనను తాను కూడా తిట్టుకున్నాడని చెప్పింది. పళ్ళేలు పరిచింది. అలవాటుగా ఆయన చెయ్యి ముక్కల వైపు పోయింది.

"మీరు ముట్టకండ్రి కాకా."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. ఆయన చేతులు వెనక్కి తీసుకుని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మూడు గంటలు అలా కూర్చున్నాడు. ఆమె ముక్కల్ని మొదట చీకట్లో, డబ్బా మూతకింద ఉంచింది. తర్వాతే ఎండలో పెట్టింది. అంకెలు ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు. పోయేముందు సంచి సర్దుకుంటూ ఆగింది.

"పాత ముక్కలు ఎన్ని ఉన్నయి?"

"పదకొండు. ఒకటి గూడ పారెయ్యలే."

"వాటిల్లకెళ్లి రంగు మొత్తం దించొస్తదా? ఎంత పట్టిందో లెక్క కావాలె నాకు."

అది ఆయనకు వచ్చిన పనే. తప్పు రంగు పడిన సరుకును కార్ఖానాలో ఎన్నిసార్లు దించలేదు! మూడు రోజులు ఇద్దరూ కలిసి చేశారు. ఆయన మరగబెట్టి, పిండి, మళ్ళీ మరగబెట్టి ఇస్తే, ఆమె ఆ నీళ్ళను కొలిచింది. ఆఖరి ముక్క పిండిన రోజు ఆమె గోడకు ఆనుకుని లెక్క వేసింది. తొంభై నాలుగులో యాభై ఎనిమిది గుడ్డలో ఉంది. మిగిలింది ముప్పై ఆరు. ఏమీ కలపని కొత్త ముక్కలకు, చీకట్లో పట్టింది తీసేస్తే, ఎండలో ముప్పై ఎనిమిది వచ్చింది. రెండు అంకెలనూ ఆయన వైపు తిప్పి చూపించింది.

"ముప్పై ఎనిమిది నిజంగ పోయింది కాకా. గుడ్డల లేదు, నీళ్ళల్ల లేదు."

పళ్ళెంలో నీళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయి. ఆ రోజు ఆమె ఆయన చేతి చాయ్ తాగింది.

అయితే గుడ్డతో పని అక్కడితో అయిపోయింది. పొడిని ఇక గాజు పలకల మీద పూయాలని గైడ్ సార్ నిర్ణయించాడు. గాజు రంగును దాచుకోదు. పూణెలో ఒక ల్యాబులో ఎండలాంటి దీపం ఉందట, అక్కడ రెండునెలలు. కావ్య వచ్చి పళ్ళేలు, సీసాలు సర్దుకుంటుంటే అంబాదాస్ పాత వార్తాపత్రికలు చించి ఒక్కొక్కదానికీ చుట్టి ఇచ్చాడు. పెట్టెను మెట్లు దించింది ఆయనే. మళ్ళీ ఎప్పుడు వస్తావని అడగలేదు. అడిగితే ఆమె అబద్ధం చెప్పాల్సి వస్తుందని భయపడ్డాడు. ఆటో ఎక్కాక ఆమే తల బయటపెట్టి, రంగు దించే పద్ధతి ఉన్నదున్నట్టు రాసి పంపమంది. థీసిస్‌లో పెడుతుందట. తెలుగులోనే రాయమంది, నోటికి ఎట్లా వస్తే అట్లా.

ఆయన రెండురోజులు రాశాడు. సంతకం తప్ప ఇంకేదీ రాయక ఏళ్ళయింది. అక్షరాలు మొదట్లో ఒకదాని మీదొకటి పడ్డాయి. గుడ్డ బరువు, సోడా ఎంత, సబ్బు ఎంత, ఎన్నిసార్లు పిండాలి. ముక్కలకు ఫిక్సర్ ఎలా పడిందో కూడా రాశాడు, పోసింది తానేనని రాశాడు. ఆ వాక్యాన్ని ఒకసారి కొట్టేసి, మళ్ళీ రాశాడు. ఫోనులో ఫొటో తీయడం ఆయనకు సరిగ్గా రాదు, అందుకని కిందికి వెళ్ళి సాయిలుకు ఇచ్చాడు. సాయిలు సాంచె ఆపి, కాగితం పైకి కిందికి చదివి, "ఏంది మాస్టర్, గిది కూర వండినట్టుంది గద," అన్నాడు. అంటూనే వెలుతురు దగ్గరికి పోయి, నీడ పడకుండా రెండుసార్లు ఫొటో తీసి పంపాడు.

జవాబు ఆ మధ్యాహ్నమే వచ్చింది. బాగుందని గానీ, ధన్యవాదాలని గానీ అందులో లేదు.

"కాకా, పది నిమిషాలు అని రాసిన్రు. మరిగినంక పది నిమిషాలా, పొయ్యి మీద పెట్టినప్పటి సందా?"

అంబాదాస్ దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. మరిగినంకనే అని ఆయనకు గట్టి నమ్మకం. అయినా వెంటనే జవాబు పెట్టలేదు. తన పాత నీలం పంచె అంచు ఒకటి కత్తిరించి, గిన్నెలో నీళ్ళు పోసి, గోడగడియారం వైపు ఒకసారి చూసి, పొయ్యి వెలిగించాడు.